తూకానికి ముందు విందు

వారం నుంచి నజ్లా దోసకాయల మీదా, పంచదార లేని టీ మీదా బతుకుతోంది. దోసకాయల మీద బతకడానికి ఆవిడేమన్నా కుందేలా? పైగా ఐదు నెలల పసిపిల్లకి పాలిస్తున్న తల్లి! కానీ ఆ ఉదయం ఎనిమిదింటికి బరువు మిషను ఎక్కాలి. ఇష్టం లేదని మానెయ్యడానికి అదేం పెళ్ళిచూపులు కాదు, సైన్యం తూకం.

బయలుదేరే ముందు పిల్లని ఒళ్ళో వేసుకుంది. దీమా నాలుగు గుక్కలు లాగింది, వదిలేసింది, ఎర్రగా కందిపోయి ఏడుపు లంకించుకుంది. వంటింట్లోంచి అత్తగారు హాజా ఫిద్దా చేతిలో రొట్టె ముక్కతోనే పరుగెత్తుకొచ్చింది.

"పాలుంటే కదా తాగడానికి! నువ్వు నీ ఒళ్ళు ఎండబెట్టుకుంటున్నావో, నా మనవరాల్ని ఎండబెడుతున్నావో కాస్త చెప్పు తల్లీ."

"ఈ ఒక్క పూట ఓర్చుకో అత్తా. తూకం అయిపోగానే కుండెడు తింటాను."

"ఆ తూకం పెట్టినవాణ్ణి వాళ్ళమ్మ దోసకాయలు తినే పెంచిందా? ఈ ముక్కొక్కటీ నోట్లో వేసుకో. నెయ్యి రాశాను."

"నెయ్యా! అత్తా, నీకు దణ్ణం పెడతాను, అది అవతలికి తీసుకెళ్ళు!"

వాసనకే నోట్లో నీళ్ళూరి, కళ్ళల్లోకి కూడా వచ్చాయి. నజ్లా బూట్లు తొడుక్కుని, ఏడుస్తున్న పిల్లని అత్తగారి చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. మొగుడు సరిహద్దు కాపలాలో ఉన్నాడు, వాడికి ఫోన్‌లో చెబితే "ఓర్చుకో" అంటాడు. ఓర్చుకోమని చెప్పడానికి అందరూ తయారే.

జర్కా పట్నం పొలిమేరలో ఆడ సిపాయిల శిక్షణ శిబిరం ఉంది. అక్కడ నజ్లా సార్జెంటు. కొత్తగా చేరిన ఆడపిల్లలకి గోడ ఎక్కడం, ముళ్ళకంచె కింద పాకడం, గాయపడిన మనిషిని భుజాన వేసుకుని పరుగెత్తడం నేర్పేది ఆవిడే. తనకంటే పొడుగాటి పిల్లని ఎత్తి భుజాన వేసుకుని మైదానం చుట్టొచ్చి, దింపేసి, ఆయాసం లేకుండా "చూశారా, ఇంతే!" అనేది. కానుపయ్యాక కూడా అలాగే ఎత్తుతోంది, అలాగే పరుగెత్తుతోంది. అది ఎవరికీ అక్కర్లేదు. ఇంత పొడుగున్న ఆడది ఇంత బరువే ఉండాలని రాజధాని ఆఫీసులో ఎవరో గోడకి పట్టిక తగిలించారు. ఆ పట్టికకి కాన్పులు తెలియవు, పాలు తెలియవు.

ఇదెక్కడి న్యాయమో చెప్పండి! బాలింతకి నలభై రోజులపాటు మెంతులూ నెయ్యీ కోడిపులుసూ దగ్గర కూర్చోబెట్టి తినిపించే ఊరు ఇది. ఆ నలభై దాటగానే మిషనెక్కించి, "అమ్మాయ్, ఎందుకింత లావయ్యావ్?" అని అడిగే మహానుభావులున్నదీ ఈ ఊళ్ళోనే. రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లూ నాలుగు కిలోలు ఎక్కువొచ్చింది. ఇది మూడోసారి. ఇప్పుడూ ఎక్కువైతే మైదానం పోతుంది. బట్టల గోదాములో స్టూలు మీద కూర్చుని, రిటైరయ్యేదాకా ప్యాంట్లు మడతపెట్టుకోవాలి. చచ్చినా ఆ స్టూలు మీద కూర్చోనని నజ్లా పంతం. అందుకే దోసకాయలు.

శిబిరంలో తూకానికి రావలసిన ఐదుగురు ఆడవాళ్ళూ ఎనిమిది కాకముందే వరసలో నిలబడ్డారు. అందరిదీ ఖాళీ కడుపే. నజ్లా వెనక కార్పొరల్ సబ్హా ఉంది. నలుగురు పిల్లల తల్లి, నోరు ఊరుకోని మనిషి.

"నజ్లా, నాకేదో మాంసం వాసన కొడుతోందే. ఆకలికి మతి పోయిందంటావా?"

"మతి పోలేదు. నాకూ కొడుతోంది."

వంటశాల వెనక నిజంగానే రెండు పెద్ద గుండిగలు ఉడుకుతున్నాయి. శిబిరం కమాండరు రబీహా కరక్ ఊరి ఆడపడుచు. అతిథి అంటే ప్రాణం పెడుతుంది. తూకం సంఘానికి పెద్దగా వస్తున్న కర్నలు మష్హూర్ మొదటిసారి తన గడప తొక్కుతున్నాడు. టీ నీళ్ళు పోసి పంపిస్తే పుట్టింటివాళ్ళు తన ముఖం చూడరని, ముందురోజే గొర్రెని కోయించింది. తూకం అయ్యాక మధ్యాహ్నం భోజనం పెడదామనే ఆమె అనుకుంది. పాపం, ఆమె లెక్క తప్పు కాదు. ఎనిమిదింటికి రావలసిన పెద్దమనుషులు పన్నెండు దాటాక కారు దిగారు. అప్పటికి పెరుగు పులుసులో మాంసం ఉడికి దిగింది, పెద్ద పళ్ళేల్లో పల్చటి రొట్టెలు పరిచి, వాటిమీద అన్నం గుట్టలు పోసి, బాదం పప్పులు చల్లేశారు. మన్సఫ్ అనే ఆ విందు వంటకాన్ని చల్లారబెట్టి అతిథి చేత పని చేయించడమా! అలాంటి మాట ఆ దేశంలో పిచ్చివాడు కూడా అనడు.

"ముందు భోజనం, తర్వాతే ఏదైనా," అంది రబీహా.

"అంతే కదా మరి!" అన్నాడు కర్నలు, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుంటూ. ఆ పట్టిక తయారైంది ఆయన ఆఫీసులోనే. ఆయన హోదా వాళ్ళకి మాత్రం తూకం లేదు. ఆయన పొట్ట ముందు గుమ్మం దాటితే, ఆయన తర్వాత దాటాడు.

హాలుకి ఆ చివర మగవాళ్ళ పళ్ళెం, ఈ చివర ఆడవాళ్ళ పళ్ళెం పెట్టారు. వరసలో ఉన్న ఐదుగుర్నీ కూడా పిలిచారు. నజ్లా గోడకి ఆనుకుని నిలబడింది, కదల్లేదు.

రబీహా తనే లేచొచ్చింది. మెత్తటి ముక్క ఒకటి వేళ్ళతో విడదీసి, అన్నం మీద నజ్లా వైపు పెట్టింది. ఆ మనిషికి నజ్లా అంటే కూతురంత ప్రేమ.

"రా తల్లీ, కూర్చో. ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"తూకం అయ్యాక తింటాను మేడమ్. ఈ పూట వదిలెయ్యండి."

"నా ఇంట్లో పళ్ళెం ముందు నిలబడి తిననంటావా? జనం ఏమనుకుంటారు?"

"మేడమ్, ఇప్పుడు తిని మిషనెక్కితే..."

"ఒక్క ముద్దకి ఏం పెరుగుతావే!"

అప్పటికే హాలంతా అటే చూస్తోంది. ఆ చివర్నుంచి కర్నలు, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, గట్టిగా అన్నాడు:

"ఎవరమ్మా అక్కడ అన్నం కాదంటున్నది? రబీహా మేడమ్, కోప్పడకండి. ఈ పూట ఈ ఆడపిల్లలంతా నా అతిథులు, ఈ గొర్రె నాది అనుకోండి. అందరూ వినండి! నా అతిథి నా ఎదుట ఆకలితో లేచిందంటే నాకు తల కొట్టేసినట్టే. తిను తల్లీ, వల్లాహ్ తినాల్సిందే!"

దేవుడి మీద ఒట్టేశాడు, ఇంకేముంది! ఇప్పుడు తినకపోతే కమాండరు పరువూ పోతుంది, కర్నలు పరువూ పోతుంది. తింటే నజ్లా మైదానం పోతుంది. ఎంతసేపూ ఎదుటివాళ్ళ పరువు మొయ్యాలి, తన సంగతి ఎవరికి పట్టింది?

సబ్హా చెవి దగ్గరికొచ్చి గొణిగింది. "సంతకి తోలే ముందు గొర్రెకి ఉప్పు నాకించి నీళ్ళు తాగిస్తారు చూడు, తూకంలో బరువు తూగాలని! మన పని అలాగే ఉందే."

నజ్లా కూర్చుంది. మొదటి ముద్ద మొహమాటానికి తింది. రెండో ముద్దకి పొద్దున పిల్ల ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. మూడో ముద్దకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంక ఆగలేదు. తినమని ఒట్టేశారుగా, తింటాను, చూడండి! అన్నం, మాంసం, పులుసులో నానిన రొట్టె, బాదం పప్పులు... ఎవరూ అడ్డుపడలేదు. "శభాష్, అలా తినాలి!" అని కర్నలు ఆ చివర్నుంచి మెచ్చుకున్నాడు కూడా.

చేతులు కడుక్కోగానే తూకం. పక్క గదిలో తెర కట్టి, కర్నలుతో వచ్చిన మేజర్ అబ్లా అనే సన్నటి డాక్టరమ్మ మిషను పెట్టుకుని కూర్చుంది. పెద్ద ముల్లుండే పాత మిషను. ఒక్కొక్కళ్ళే ఎక్కారు, దిగారు. నజ్లా ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగి ఆగింది. ఐదు కిలోలు ఎక్కువ.

"పోయినసారికంటే కిలో పెరిగావేమిటి సార్జెంట్?" అంది అబ్లా, తలెత్తకుండా.

"మీ పక్కనే కూర్చుని తిన్నాను కదా మేడమ్! మీరు నాకు పులుసు కూడా పోశారు."

అబ్లా చెవులు ఎర్రబడ్డాయి. "నేనేం చెయ్యను? ముల్లు చూపించింది రాయాలి."

అప్పుడే నజ్లాకి గుండెల్లో ఏదో జలజలమన్నట్టు అయింది. చొక్కా రెండు వైపులా తడిసింది. వారం నుంచి పిల్ల లాగి లాగి ఏడ్చినా రాని పాలు, కడుపునిండా ఒక్క పూట తినేసరికి తన్నుకొచ్చాయి. నజ్లా ఆ తడి చూసుకుంది, ముల్లు చూసింది. ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి? ఈ ఇనుప ముక్క మెప్పు కోసం కన్నబిడ్డని మాడ్చానా? జాకెట్టు తొడుక్కుని బొత్తాములు మెడదాకా పెట్టుకుంది.

హాల్లో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. కర్నలు పళ్ళు కుట్టుకుంటూ ఫలితాలు విన్నాడు.

"ఐదుగురిలో నలుగురు ఎక్కువా! అయ్యయ్యో. ఆడవాళ్ళకి నోరు కట్టుకోవడం రాదు, అదే చిక్కు. సార్జెంట్ నజ్లా, మూడోసారి కాబట్టి నిన్నిక మైదానంలో ఉంచడం కుదరదు. గోదాముకి పంపిస్తాం. నొచ్చుకోకు తల్లీ, నియమం నియమమే. ఏదీ, కాఫీ రానివ్వండి."

నోరు కట్టుకోవడం రాదట! నోరు కట్టుకుంటే ఒట్టేసి విప్పించిందెవరు? రబీహా తల వంచుకుంది. తను ప్రేమగా పెట్టిన ముక్కే ఈ పిల్ల మెడకి చుట్టుకుందని అప్పటికి ఆమెకి తెలిసొచ్చింది.

యాలకులేసిన చేదు కాఫీ కూజాతో సిపాయి వరసగా వస్తున్నాడు. చిన్న కప్పులో అడుగున పోసి కర్నలుకిచ్చాడు, రబీహాకిచ్చాడు, నజ్లాకిచ్చాడు. నజ్లా కప్పు అందుకుంది. తాగలేదు. తన ముందు నేలమీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అందరి కళ్ళూ ఆ కప్పు మీద పడ్డాయి. అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే, ఇంటాయన్ని ఏదో అడగడానికొచ్చాడని అర్థం. ఆ కోరిక తీరేదాకా కప్పు ముట్టుకోడు. ఆ కప్పు అలా చల్లారిపోతే ఇంటాయనకి అంతకంటే తలవంపులు లేవు. పిల్లనడగడానికొచ్చినవాళ్ళు అలా పెడతారు, హత్య జరిగితే రాజీకొచ్చిన పెద్దలు అలా పెడతారు. ఒక సార్జెంటు కర్నలు ముందు పెట్టడం మాత్రం అక్కడ ఎవరూ చూసి ఎరగరు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు కర్నలు.

"సీదీ," అంది నజ్లా. అక్కడ పై అధికారిని అలాగే పిలుస్తారు. "ఇందాక మీరే అన్నారు, నేను మీ అతిథినని. ఇంతమంది విన్నారు."

"అన్నాను. అయితే?"

"అయితే మీ అతిథికో కోరికుంది."

కర్నలు నవ్వాడు. "గోదాము సంగతేగా? అది నా చేతిలో లేదు తల్లీ. ఇంకేదైనా కోరుకో, నా కళ్ళమీద పెట్టుకుంటాను."

"గోదాము కాదు సీదీ. మీ చేతిలో ఉన్నదే. అంత కూడా కాదు, మీ కాళ్ళలో ఉన్నది." నజ్లా పక్క గది తెర వైపు చూపించింది. "ఆ మిషను ఎక్కండి. నాకు పెట్టిన విందే మీరూ తిన్నారు. ముల్లు ఎంత చూపిస్తే అంత మేజర్ గారు పైకి చదవాలి. అప్పుడు తాగుతాను."

సిపాయి చేతిలో కూజా అలాగే ఉంది. "సార్జెంట్!" అని రబీహా అనబోయి, ఎందుకో ఊరుకుంది. తర్వాత ఆమె తన కప్పు కూడా మెల్లగా నేలమీద పెట్టింది. సబ్హా వెంటనే తనదీ పెట్టేసింది. ఆ కప్పులో కాఫీ అప్పటికే అయిపోయింది, అది వేరే సంగతి.

కర్నలు అటూ ఇటూ చూశాడు. తన వెంట వచ్చిన మగాళ్ళు గోడలు చూస్తున్నారు. కాదంటే రాత్రికల్లా రాజధాని అమ్మాన్ దాకా పాకుతుంది, మష్హూర్ ఇంటి కాఫీ నేల మీద చల్లారిందని. ఆయన లేచాడు. బూట్లు విప్పాడు. ఇద్దరు సిపాయిలు మిషను మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టారు. ఆయన ఎక్కేసరికి అది కిర్రుమంది.

ముల్లు తిరిగింది, ఇంకా తిరిగింది. మేజర్ అబ్లా కళ్ళజోడు సవరించుకుని, పైకి చదివింది.

"నూట ఇరవై ఎనిమిది, సీదీ. మీ పొడుగుకి... నలభై ఒక్క కిలోలు ఎక్కువ."

కర్నలు కాసేపు కిందకే చూస్తూ నిలబడ్డాడు. పొట్ట అడ్డం రావడంతో ముల్లు ఆయనకి కనిపించలేదు. తర్వాత ముఖం గంటు పెట్టుకుని దిగిపోయాడు.

"ఈ మిషను పాడైపోయింది," అన్నాడు.

"పాడైందా సీదీ?" అంది అబ్లా.

"కనిపించడం లేదా? పాత సామాను. దీని మాట లెక్కలోకి తీసుకోవద్దు."

అబ్లా ఆ రోజంతటిలో మొదటిసారి తలెత్తి, ఆయన కళ్ళల్లోకి చూసింది. "అలాగే సీదీ. అంటే ఇందాకటి తూకాలు కూడా చెల్లవని రాసేస్తాను. ఐదుగురివీ, మీదీ."

కర్నలు బూటు తాడు కట్టుకుంటూ చాలాసేపు వంగే ఉండిపోయాడు. అబ్లా ఆలోగా కాగితం మీది లెక్కలన్నీ అడ్డంగా కొట్టేసింది. నజ్లా కప్పు తీసి ఒక్క గుక్కలో తాగేసి, ఇక చాలన్నట్టు కప్పు అటూ ఇటూ ఆడించి సిపాయికిచ్చింది. కొత్త మిషను ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు చూద్దాం. కడుపు మాడ్చుకుని మాత్రం ఇక ఎక్కేది లేదు.

ఇంటికొచ్చేసరికి దీమా ఇంకా ఏడుస్తూనే ఉంది. నజ్లా బూట్లైనా విప్పకుండా ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల నోరు పెట్టి, గుటకలు పడేంతగా తాగి, మధ్యలో ఉక్కిరిబిక్కిరై తుమ్మి, మళ్ళీ అందుకుంది. హాజా ఫిద్దా ఎదురుగా చతికిలబడి జరిగిందంతా చెప్పించుకుంది. కాఫీ కప్పు దగ్గర రెండుసార్లు చెప్పించుకుంది.

"నలభై ఒక్క కిలోలా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. కాసేపు ఆలోచించి, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. "నీకు నాలుగు కిలోలు ఎక్కువైతే పిల్ల పుట్టిందన్నావు, సరే. మరి ఆ పెద్దమనిషికి ఎన్నో నెలట?"