తవిటమ్మ కూర్చున్న బెంచీ

నేను ఒక బెంచీని. పనస చెక్కతో చేశారు కనుక కొత్తలో ఒళ్ళంతా పసుపు రంగులో నిగనిగలాడేది. ఇప్పుడు చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. మనుషులైతే పాత ఫొటోలు చూపించి నమ్మించుకుంటారు, నాకు ఆ సదుపాయం లేదు.

నన్ను చేసినవాడు సోమరాజుపేట వడ్రంగి చిట్టిబ్రహ్మం. చెయ్యి మంచిదే గాని మనిషికి తొందరెక్కువ. కాళ్ళను చివర్లలో పెట్టాల్సింది పోయి బాగా లోపలికి బిగించేశాడు. దాంతో మధ్యలో ఎంతమంది కూర్చున్నా బుద్ధిగా ఉంటాను గాని, ఒక చివర ఒక్కరే మిగిలితే రెండో చివర గాల్లోకి లేచిపోతుంది. ఈ సంగతి ఎవరైనా చెప్పబోతే, చివర కూర్చోమని ఎవడు చెప్పాడని ఎదురు దబాయించేవాడు.

నా మొదటి కొలువు ఊళ్ళోని టూరింగ్ టాకీసులో, తెరకు మరీ దగ్గరగా, ముందు వరుసలో. అక్కడ నేను చూసిన హత్యలకు లెక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి తేలకుండా పోలేదు. హంతకుడెవరో విరామం లోపే నాకు తెలిసిపోయేది. చివరికి వచ్చేసరికి పోలీసులకు కూడా తెలిసేది. జనం ఈలలు వేసి, వేరుశనగ తొక్కలు దులుపుకుని, తృప్తిగా ఇళ్ళకు పోయేవారు. లోకంలో న్యాయం ఇలాగే జరుగుతుందని చాలాకాలం నమ్మాను.

టాకీసు మూతపడ్డాక యజమాని కుర్చీలన్నీ అమ్ముకుని, ఎవరూ కొనని నన్ను పోలీస్ స్టేషన్‌కు ఉదారంగా ఇచ్చేశాడు. వరండాలో గుమ్మం పక్కన గోడకు ఆనించారు. అక్కడ నా మీద కూర్చునేవాళ్ళకు తెర ఉండదు, ఆట ఎప్పుడు మొదలవుతుందో చెప్పేవాళ్ళు ఉండరు.

సైకిళ్ళు పోయినవాళ్ళు, గట్టు తగాదాల వాళ్ళు, మొగుణ్ణి లోపల వేయించమని వచ్చి తీరా లోపలికి తీసుకుపోతుంటే ఏడ్చేవాళ్ళు, వీళ్ళంతా ఒకపూట చుట్టాలు. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళలో మొదటి మనిషి తవిటమ్మ.

తవిటమ్మకు పాత బస్టాండు వెనకాల పిండిమర ఉంది. మర హోరులో బతికిన మనిషి గనుక ఆమె గుసగుసలాడినా వీధి చివరకు వినిపిస్తుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఆమె పెంచి పెద్దచేసిన తమ్ముడు లోకనాథం, మర పక్క గదిలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. జీడిపిక్కలు ఏరే కాలంలో ఒకరోజు పొద్దున్నే, ఎవరికో ఫోను ఇచ్చి వస్తానని బండి మీద వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఊరవతల జీడితోటలో తలమీద దెబ్బతో, ప్రాణం లేకుండా కనిపించాడు. బండి అక్కడే ఉంది, జేబులో డబ్బూ అలాగే ఉంది. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో తెలియలేదు.

మొదట్లో స్టేషన్ ఆమెను బాగానే చూసింది. ఎస్సై తన గదిలో కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. నెలలు గడిచేకొద్దీ టీ ఆగింది. తర్వాత కుర్చీ పోయింది. ఆఖరికి ఎస్సైయే బదిలీ అయిపోయాడు. అలా ఆమె నా దగ్గరికి చేరింది. మరకు సెలవిచ్చే శుక్రవారం పూట వచ్చి కూర్చునేది. స్టేషన్ రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్ పట్నాయక్‌ను అందరూ రైటర్ గారనేవారు. ఆయన కిటికీలోంచి ఆమెను చూడగానే, అడగకముందే, విచారణ జరుగుతోందమ్మా అనేవాడు. ఆ మాట ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి టీ కొట్టువాడు బాకీ అడిగితే అతనికీ అదే జవాబు చెప్పాడు.

తర్వాత సంపతిరావు మాస్టారు వచ్చారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గొడుగు. ఆయన కూతురు వనజ ఆసుపత్రిలో నర్సు. అద్దెకుంటున్న ఇంట్లోనే ఎవరో ఆమెను చంపి, బయట తాళం వేసి పోయారు. ఆయన నా రెండో చివర కూర్చునేవారు. ఇద్దరికీ కష్టం ఒకటే అయినా మాటలు లేవు సరికదా, లోలోపల పోటీ ఉండేది. ఆమెను ముందు పలకరించారని ఆయనకూ, ఆయన్ను ‘గారు’ అని పిలిచారని ఆమెకూ ఉక్రోషం. దుఃఖంలో కూడా మనుషులు వరుసలో తమకంటే ముందున్నవాణ్ణి ఓ కంట కనిపెడుతూనే ఉంటారు.

ఒక శుక్రవారం జీపు వచ్చి ఆగింది. కొత్త ఎస్సై దిగాడు. ఆయన లోపలికి దూరేలోగా పట్టుకోవాలని తవిటమ్మ చటుక్కున లేచింది. చిట్టిబ్రహ్మం పుణ్యమా అని నేను నా గుణం చూపించాను. మాస్టారు గొడుగుతో సహా వరండాలో వెల్లకిలా పడ్డారు. ఎస్సై ఇదే సందనుకుని లోపలికి జారుకున్నాడు. తవిటమ్మ ఆయన వెంట పోలేదు, వెనక్కి వచ్చింది.

“దెబ్బ తగిలిందా బాబూ?”

“నడుముకు లేదమ్మా. పరువుకే కాస్త తగిలింది.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె, మీకెవరు పోయారని అడిగింది. మా అమ్మాయి అన్నారాయన. ఆ రోజు నుంచి ఇద్దరూ నా మధ్యన కూర్చోవడం నేర్చుకున్నారు. పక్కన ఇంకొందరికి చోటు దొరికింది. కొడుకును పోగొట్టుకున్న బెస్త దంపతులు, అన్నను పోగొట్టుకున్న ఆటో డ్రైవరు చిన్నారావు, ఇలా ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఒకరి కథ ఇంకొకరికి నోటికొచ్చింది. ఎవరైనా ఓ వారం రాకపోతే మిగతావాళ్ళు ఇంటికెళ్ళి కనుక్కునేవారు.

ఒకరోజు రైటర్ సెలవులో ఉన్నాడు. ఢిల్లేశ్వరి అనే కానిస్టేబులు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడిపోయింది.

“మాస్టారూ, మీరు నాకు లెక్కలు సెప్పినోరు. మీకు అబద్ధం సెప్పలేను. వనజక్క కేసు పోయినేడే మూసేశారండి. ఆధారాలు దొరకలేదని కోర్టుకు రాసి పంపేశారు.”

మరి నాకు నోటీసు ఇవ్వాలి కదా అన్నారు మాస్టారు.

“పంపారండి. ఆ అద్దింటికి.”

చనిపోయిన పిల్ల కేసు మూసేశామని చనిపోయిన పిల్ల ఇంటికే కబురు పంపారు. ఇంటికి తాళం ఉంది గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మాస్టారు గొడుగు పిడిని పట్టుకుని తన చొక్కా వైపు చూసుకున్నారు. ఏడాదిగా ప్రతి శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని తాను ఎందుకు వచ్చినట్టు?

మరుసటి వారం తవిటమ్మ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, మా తమ్ముడి కేసు కూడా మూసేశారా అని అడిగింది. పట్నాయక్ అలవాటుగా నోరు తెరిచాడు. ఎందుకో ఆ మాట బయటికి రాలేదు. చెడ్డవాడేం కాదు. తలవంచుకుని, త్వరలోనే మూయాల్సి ఉంటుందన్నాడు. ఊరేగింపులకూ తామే, పెద్దల రాకపోకలకూ తామేనని, ఉన్న కాసిని మందితో ఏం చెయ్యమంటారని బాధపడ్డాడు.

తవిటమ్మ గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

“దొరకలేదంటే దొరకలేదని సెప్పండి బాబూ. ఎలాగో ఓర్సుకుంటాను. జరుగుతోంది, జరుగుతోంది అని నన్నిక్కడ కూకోబెట్టకండి.”

అప్పటినుంచి వాళ్ళు నా మీద కూర్చోవడం తగ్గించి తిరగడం మొదలుపెట్టారు. కలెక్టరాఫీసు ముందు నిలబడ్డారు. వకీలును కలిశారు. ఒక పత్రికవాళ్ళు ఫొటో వేశారు గాని, కింద తవిటమ్మ పేరును కవితమ్మ అని రాశారు. ఆమె దాన్ని కత్తిరించి దాచుకుంది, పేరు బాగుందని.

అంతలో జిల్లా ఎస్పీ గారు స్టేషన్ తనిఖీకి వస్తున్నారని తెలిసింది. గోడలకు సున్నం పడింది. పూలకుండీలు అద్దెకు వచ్చాయి. వరండా అందానికి నేను అడ్డమని తేలడంతో పెరట్లో, పట్టుబడిన మోటారు సైకిళ్ళ పక్కన పడేశారు. ఆ రోజు రావద్దని అందరికీ మరీ మరీ చెప్పారు. కాబట్టి అందరూ వచ్చారు.

కూర్చోవడానికి నేను కనబడకపోయేసరికి తవిటమ్మ పెరట్లోకి వచ్చి, చిన్నారావుతో కలిసి నన్ను ఎత్తింది. ఇద్దరూ మోసుకొచ్చి గేటు ఎదుట బాదం చెట్టు కింద వేశారు. అందరూ తమ తమ వాళ్ళ ఫొటోలు ఒళ్ళో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. నినాదాలు లేవు.

ఎస్పీ గారు నడివయసు దాటని ఆడమనిషి. తనిఖీ ముగించి బయటికొస్తూ వీళ్ళెవరని అడిగింది. ఫిర్యాదుదారులు మేడమ్, విచారణ జరుగుతోంది, అన్నాడు పట్నాయక్.

“కూకోండమ్మా,” అంది తవిటమ్మ. “నిలబడి వినే ముక్క కాదిది.”

పోలీసులందరూ బిగుసుకుపోయారు. బెస్త దంపతులు జరిగి చోటిచ్చారు. ఎస్పీ గారు వచ్చి కూర్చుంది. కూర్చుంది సరే, సరిగ్గా నా చివర కూర్చుంది. సంగతి తెలిసిన మాస్టారు గబుక్కున రెండో చివరనున్న తవిటమ్మ చెయ్యి పట్టుకుని, పని అయ్యేదాకా లేవొద్దని చెవిలో చెప్పారు. జిల్లా పోలీసు పరువంతా ఆ ఘడియలో తవిటమ్మ బరువు మీద ఆధారపడి ఉందని ఎస్పీ గారికి ఈనాటికీ తెలియదు.

“మా వోణ్ణి సంపినోడు దొరుకుతాడో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు,” అంది తవిటమ్మ. “కానీ ఏటి సేశారో, ఏటి సెయ్యలేదో మాకు సెప్పాల. మూసేముందు మా గుమ్మంలోకొచ్చి మొకం మీద సెప్పాల. మేం అడుక్కోడానికి రాలేదమ్మా. ఆడు మా ఇంట్లో మనిషి.”

మాస్టారు ఇంకొకటి చేర్చారు. మూసేముందు, ఆ కేసుతో సంబంధం లేని మరో అధికారి ఒకసారి మొదటినుంచీ చూడాలన్నారు. తమ లెక్క తామే దిద్దుకుంటే తప్పు కనబడదని, బళ్ళో పిల్లలకు కూడా అదే చెప్పేవాణ్ణని అన్నారు. ఎస్పీ గారు ప్రతి ఫొటోనూ చేతిలోకి తీసుకుని చూసింది. చూస్తానని మాత్రం అంది. పెద్ద ఉద్యోగులు అంతకంటే అనరు.

వానలు పడ్డాక ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో తేలని హత్య కేసులన్నిటికీ, నెలకోసారి అధికారి ఆ కుటుంబంతో కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మూసేముందు వేరే ఇన్‌స్పెక్టరు తిరిగి చూడాలి. భాష ఎంత గట్టిగా ఉందంటే, మాస్టారు దాన్ని మిగతావాళ్ళకు తెలుగులోంచి తెలుగులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. రాతపని పెరిగిందని పట్నాయక్ గొణిగాడు. గొణుగుతూనే తవిటమ్మకు కుర్చీ వేయించాడు. ఆమె మాత్రం నా మీదే కూర్చుంది.

వకీలు కోర్టులో అభ్యంతరం వేయడంతో వనజ కేసు మళ్ళీ తెరిచారు. భానోజీరావు అనే ఇన్‌స్పెక్టరు మొదటినుంచీ చూశాడు. అప్పట్లో పక్కవాటాలో ఉండి, తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయిన ఒకావిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదని గమనించాడు. వెళ్ళి అడిగాడు. ఆ ఉదయం ఆ ఇంటి గుమ్మంలో తాను చూసిన మనిషి పేరు ఆవిడ చెప్పింది. అంత చిన్న పని. ఇంటి యజమాని మేనల్లుడు అరెస్టయ్యాడు. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది.

ఆ శుక్రవారం మాస్టారు వచ్చి తవిటమ్మ పక్కన కూర్చున్నారు.

“దొరికాడమ్మా. దొరికితే ఏదో అయిపోతుందనుకున్నాను. ఇంటికెళ్ళాను, అన్నం తిన్నాను.” గొడుగు పక్కన పెట్టి అన్నారు, “ఆకలేసి తిన్నానమ్మా. చాలా కాలమైంది.”

ఆమె ఆయన చెయ్యి నిమిరి, మంచిపని జరిగింది మాస్టారూ అంది. మనస్ఫూర్తిగానే అంది. ఆ సాయంత్రం గింజల్లేకుండా ఉత్తి మర చాలాసేపు తిప్పిందని, ఆ హోరులో ఏడుస్తోందేమోనని బయట నిలబడి వచ్చేశానని, ఢిల్లేశ్వరి ఎవరితోనో అంటుంటే విన్నాను.

తర్వాత స్టేషన్‌కు ఇనప కుర్చీలు వచ్చాయి. పాత సామాను వేలంలో నన్ను తవిటమ్మ పాడుకుంది. మాస్టారు దగ్గరుండి నా కాళ్ళు ఊడదీయించి చివర్లకు బిగించారు. ఇప్పుడు మర ముందు ఉంటాను. పిండి పట్టించుకునే ఆడవాళ్ళు కూర్చుంటారు. ఊరూరి నుంచీ తమవాళ్ళను పోగొట్టుకుని, ఎవర్ని ఏమని అడగాలో తెలియనివాళ్ళూ వచ్చి కూర్చుంటారు. తవిటమ్మ వాళ్ళ వెంట స్టేషన్లకు వెళుతుంది.

లోకనాథం కేసు కూడా ఇప్పుడు చూస్తున్న భానోజీరావు, ఉత్తర్వు ప్రకారం నెలకోసారి వస్తాడు. మొన్న వచ్చినప్పుడు, బియ్యం గిన్నెలతో కూర్చున్నవాళ్ళ మధ్య ఒదిగి కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఆగాడు. ఖాకీ బట్టల నిండా పిండి పడింది. లోకనాథానికి ఆఖరున ఫోను చేసిన నంబరు వెతుక్కుంటూ వెళితే దొంగ పేరుతో తీసుకున్నదని తేలింది, ఈ నెలా అంతకుమించి ఏమీ లేదమ్మా అన్నాడు. తవిటమ్మ తలూపింది. మామూలుగా అయితే అతను అక్కడితో లేచిపోతాడు. ఆ రోజు లేవలేదు.

“ఆయనకెవరితో తగాదాలున్నాయని నేనూ అడిగాను, నా ముందోళ్ళూ అడిగారు,” అన్నాడు. “అసలు మీ తమ్ముడు ఎలాటోడమ్మా?”

తవిటమ్మ అతన్ని చూసింది. లోపలికి వెళ్ళి మర ఆపింది. చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది.

“ఆడా? ఉప్మా పెడితే జీడిపప్పులన్నీ ముందు ఏరుకు తినేసేవోడు. ఆడి కంచంలోవి కావు బాబూ, నా కంచంలోవి,” అంది, నవ్వుతూ. “దొంగోడు. అడిగితే, నీకు పళ్ళు నొప్పి కదక్కా అనేవోడు.”

గిన్నెలతో ఉన్న ఆడవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. ఇంకా చెప్పమన్నాడు భానోజీరావు. ఆమె చెబుతూ ఉంది.