కట్టు మార్చే వేళ

సీటు కింద ఎండి అట్టకట్టిన వాంతిని రేకుముక్కతో గీకుతూ అతను ఊపిరి బిగబట్టాడు. గీకేకొద్దీ అది పొరలుగా లేచి, పుల్లటి కంపు మళ్లీ కొత్తగా పుట్టుకొచ్చింది. ముందు సీటు వెనక ఎవరో చీది చెయ్యి తుడిచిపోయారు. కిటికీ చువ్వ మీద ఉమ్మి దారంలా జారి గడ్డకట్టింది.

"మనుషులు!" అన్నాడు, బూతు తిట్టినట్టు. పైపు తిప్పి నీళ్లు కొట్టాడు.

డిపోలో బస్సులు కడగడం అతని పని. బక్కమనిషి. గోళ్ల సందుల్లో నలుపు, నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డ పాదాలు. ఇంటికెళ్లి చర్మం ఎర్రబడేదాకా ఒళ్లు తోముకుంటాడు. అయినా చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్లు కాస్త జరుగుతారు. వాళ్లంటే అతనికీ అంతే. పొరుగువాణ్ణి ప్రేమించాలని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా, ఆ పొరుగువాళ్లు సీట్ల కింద వదిలిపోయినవన్నీ అతని కళ్ల ముందు కదులుతాయి.

ఆ రోత బస్సుల దగ్గరే ఆగిపోయుంటే బాగుండేది. పోయిన వానాకాలం జ్వరంతో ఉన్న కూతురు అతని ఒళ్లో కక్కుకుంది. పిల్లను నేలమీద దించేసి, వీధి కొళాయి దగ్గరికి పోయి, చొక్కా ఉతుక్కుంటూ ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ పక్కన ముడుచుకుని పడుకున్న పిల్ల కళ్లు తెరిచి, "నాన్నా, ఇంకెప్పుడూ కక్కను" అంది.

ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు. "అయ్యగారూ, ఆ ప్రేమ వింటే నాకు రావడం లేదు. ఎవరైనా దగ్గరుండి నేర్పాలి."

"ప్రార్థించండి బ్రదర్," అంటూ ఆయన భుజం తట్టి, ఆ చేతిని రుమాలుతో తుడుచుకున్నారు. తుడుచుకున్నట్టు ఆయనకే తెలియదు. అతను నొచ్చుకోలేదు. తానైనా అదే చేసేవాడు. కాని ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుంటారని కూర్చుంటే ఇక తెల్లారినట్టే అనుకున్నాడు.

అప్పుడే పెద్దడ్రైవరు మెదిలాడు మనసులో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ప్రయాణికుల్లో ఎవరు కక్కినా ఆ ముసలాయన తానే ఇసుక పోసి ఎత్తి, అప్పుడు బస్సు అప్పజెప్పేవాడు. నోరు మంచిది కాదు. తిడుతూనే ఎత్తేవాడు. ఇప్పుడు షుగరు కాలిని తినేస్తుంటే మంచాన పడ్డాడు.

అతను వెళ్లేసరికి గుమ్మంలోనే కంపు ఎదురొచ్చింది.

"అన్నా, నాకు భక్తి నేర్పు," అన్నాడు ముక్కు మీద చెయ్యేసుకుని.

"నేనేమన్నా బడి పెట్టానట్రా?" ముసలాయన నవ్వాడు. తర్వాత ముక్కు మీదున్న ఆ చెయ్యి చూసి, "సరే, రోజూ రా. వచ్చి ఈ కట్టు మార్చు. నోరు నాది, చెయ్యి నీది," అన్నాడు.

అప్పట్నుంచి పని దిగగానే వెళ్తున్నాడు. చీముతో అంటుకున్న గుడ్డను తడిపి తడిపి ఊడదీస్తుంటే ముసలాయన నొప్పికి పళ్లు బిగించి, మధ్య మధ్య వాక్యం చెప్పేవాడు.

"కుష్టువాణ్ణి ప్రభువు ముట్టుకున్నాడు కదా, ఆయనకి వాసన రాలేదంటావా?"

"వచ్చే ఉంటుంది."

"మరి? ముక్కు మూసుకో, తలుపు మూయకు. అంతే నాకు తెలిసింది."

కొన్నిరోజులు బయటికి పరిగెత్తి కాలవ పక్కన కక్కి, మూతి కడుక్కుని మళ్లీ లోపలికి వచ్చేవాడు. ముసలాయన జాలిపడేవాడు కాదు, మెచ్చుకునేవాడూ కాదు.

ఇవాళా వెళ్లాడు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముసలాయన కోడలు గుమ్మం బయటే నిలబడి ఉంది. "పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు అన్నయ్యా."

కట్టు విప్పాడు. కుళ్లు మడమ దాటి పైకి పాకింది. వేళ్లు నల్లబడ్డాయి. గొంతులోకి ఎగదన్నుకొచ్చినదాన్ని మింగేశాడు.

"ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యి," అన్నాడు ముసలాయన బోసినోటితో, మాట నలిగిపోతూ.

"నాకు రాదన్నా."

"ఉన్నది చెప్పు. ఆయన దగ్గర సెంటు పూయకు."

అతను కళ్లు మూసుకున్నాడు. చేతికి చీము జిగటగా తగులుతూనే ఉంది. "ప్రభువా... రోతగా ఉంది. ఈ కాలంటే రోత. బస్సులంటే రోత. నేనంటే మరీ రోత. అయినా వచ్చాను. పిల్లకి బాగోనప్పుడు... ఈసారి దించను. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు ముసలాయన. "ఆ నీళ్లు మార్చరా, కంపు కొడుతున్నాయి."

బేసిన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి, కాలవలో పారబోసి, కడిగి, మంచినీళ్లు పట్టుకొచ్చాడు. ముసలాయన తల ఓ పక్కకి వాలి ఉంది. పెదవి మీద ఈగ వాలితే కదల్లేదు. అతను ఈగను తోలాడు. పేరు పెట్టి పిలిచాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత బేసిన్ దగ్గరికి లాక్కుని, నొప్పి లేని ఆ కాలిని నెమ్మదిగా శుభ్రంగా కడిగి, కొత్త గుడ్డతో కట్టు కట్టాడు. కంపు అలాగే ఉంది.

"అమ్మా, లోపలికి రా. పెద్దాయన పోయాడు," అన్నాడు.

కోడలు గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అతను చేతులు కడుక్కోవడానికి లేవబోతూ మంచం కిందికి చూశాడు. గాజుగ్లాసులో, మసకబారిన నీళ్లలో, ముసలాయన కట్టుడుపళ్లు మునిగి ఉన్నాయి, రెండు పళ్ల సందున నిన్నటి రొట్టెముక్క ఒకటి నాని ఉబ్బి.