దవడకట్టు

రుక్కమ్మ నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. జొన్నరొట్టె తినే మనిషి అంబలితో సరిపెట్టుకుంటోంది. అందులోనూ సగం గడ్డం మీద కారిపోతోంది. తిండి లేక పాలు తగ్గాయి, ఒళ్లోని చంటిది రోజంతా ఏడుస్తోంది. అత్త తిమ్మమ్మకు గుండెల్లో రాయి పడింది. పోయిన వానాకాలం పెద్ద మనవడు జ్వరంతో పోయాడు. ఇప్పుడు ఇది కూడా దక్కకపోతే?

తిమ్మమ్మ నోటికి మాత్రం ఏ రోగమూ లేదు. ఆ నోటికి జంకని వాళ్లు ఊళ్లో లేరు. మనవడు పోయినప్పటి నుంచి రోజుకొక్కసారైనా కోడల్ని అడిగేది: "జ్వరమొచ్చిన పిల్లగాన్ని చేనుకెందుకు ఎత్తుకపోయినవ్?" కోడలు పంటి బిగువున ఊరుకునేది. ఆమె నిద్రలో పండ్లు కొరకడం మొదలుపెట్టగానే కడుపులో పురుగులని తేల్చేసి, తిమ్మమ్మ వేపాకు రసం పట్టించింది. పురుగులు పడలేదు, కొరుకుడు ఆగలేదు. దవడలు వాచి బిగుసుకున్నాయి.

కొడుకు మల్లేశ్ కొల్లాపూర్ మామిడితోటల్లో కావలి ఉన్నాడు. ఇక తప్పదని ఆమే కోడల్ని బండెక్కించి వనపర్తిలో హకీం నిజాముద్దీన్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన రుక్కమ్మ చెవుల ముందు వేళ్లు ఆనించి, పండ్లు బిగించమన్నాడు.

"పురుగులు గిట్ల ఏం లేవమ్మా. నిద్రల కొరికి కొరికి దౌడ కండలు గట్టిపడ్డయ్. ఆముదం రాసి మెల్లగ పిసుకు. ఉప్పుమూటతోని కాపు. గడ్డం కింది నుంచి నెత్తి మీదికి బట్ట కట్టు, దౌడలకు జర ఆరాం గావాలె." రుక్కమ్మ ముఖంలోకి చూసి అడిగాడు. "ఈ పిల్ల మనసుల ఏం పెట్టుకుంది?"

"ఏముంటది సాబ్, తిని పండుడే గదా," అంది తిమ్మమ్మ.

ప్రపంచ యుద్ధం వచ్చాక కిరసనాయిలు కరువైంది. అందుకని ఇల్లు చేరగానే, పొద్దుండగానే తిమ్మమ్మ పనికి దిగింది. ఆముదం రాసింది, కాపడం పెట్టింది. బట్ట దగ్గరికొచ్చేసరికి చేతులాడలేదు. గడ్డం నుంచి నెత్తికి అలా కట్టేది పీనుగుకు, నోరు తెరుచుకోకుండా. మనవడికి కట్టింది ఈ చేతులే. పాలిచ్చే పిల్లకు ఎలా కడుతుంది?

"వద్దత్తమ్మా," అంది రుక్కమ్మ గోడకు జరిగి. కళ్లనిండా నీళ్లు.

చంటిది మళ్లీ ఏడుపందుకుంది. తిమ్మమ్మకు కోపమొచ్చింది. హకీం మీదో, చావు మీదో ఆమెకే తెలియదు. పాత చీర రెండు ముక్కలు చింపి ఒకటి తన గడ్డం కిందే పెట్టుకుంది.

"ముందుగాల నేను కట్టుకుంట. యముడొస్తె కట్టు జూసి నన్నే తీస్కపోతడు. ఎనుక నువ్వు కట్టుకో."

నెత్తి మీద ముడి గట్టిగా బిగించింది. అప్పుడే నిప్పుకోసం వచ్చిన పక్కింటి సత్యమ్మ ఆ అవతారం చూసి, నిప్పు మాటే మరిచి వెనక్కి తిరిగింది. మామూలుగా అయితే తిమ్మమ్మ ఆమెను వీధి చివరిదాకా తిట్టేది. ఇప్పుడు ఊరకే కోడలి దవడ పిసుకుతూ కూర్చుంది. అత్త నోరు అంతసేపు మూతపడి ఉండటం రుక్కమ్మ కాపురానికొచ్చాక ఎరగదు.

"చేనుకు నువ్వే పొమ్మన్నవ్ గదత్తమ్మా," అంది రుక్కమ్మ మెల్లగా. "పిల్లగానికి జ్వరమున్నదంటె, కలుపెవరు తీస్తరన్నవ్."

తిమ్మమ్మ చెయ్యి నెత్తి మీది ముడి దగ్గరికి పోయింది. విప్పితే చెప్పడానికి ఆమె దగ్గర ఎన్ని మాటలైనా ఉన్నాయి. చెయ్యి అక్కడే కాసేపు ఉండి కిందికి దిగింది. అవునని తలూపింది. ఆమెకు ఏడుపు ఆగలేదు, కట్టు తడిసిపోయింది.

రుక్కమ్మ గోడ వదిలి దగ్గరికి జరిగింది. రెండో ముక్క తీసి అత్త చేతికిచ్చి, తన గడ్డం పైకెత్తింది.