వేపమండ కట్టిన గుమ్మం

హిమబిందు స్కూటరు మీద నిద్రపోయింది. నడుస్తున్న స్కూటరు మీద కాదులెండి, అంత అదృష్టం కూడానా. గాజువాకలో ఎర్రలైటు దగ్గర ఆగి, రెండు కాళ్లూ నేల మీద ఆన్చి, హెల్మెట్ పెట్టుకున్న తలకాయని హ్యాండిలు మీదకి వాల్చేసి ఉన్నపళంగా నిద్రపోయింది. వెనక సీటులో మూడో తరగతి చదివే కొడుకు బాలు కూర్చుని ఉన్నాడు. పచ్చలైటు పడింది. మళ్లీ ఎర్రది పడింది. వెనకున్న లారీవాడు హారన్ మోగించి మోగించి, విసుగెత్తి కిందకి దిగొచ్చి, "అమ్మా, నీకు ఇల్లు లేదేటి?" అని అడిగాడు.

ఇల్లుంది. ఇల్లుండబట్టే కదా నిద్ర లేనిది. పొద్దున్న నాలుగున్నరకి లేవాలి. అత్తగారికి ఇడ్లీ, అదీ పచ్చడి లేకుండా. మొగుడు శ్యాంప్రసాద్‌కి చపాతీ, అదీ నూనె లేకుండా. తొమ్మిదో తరగతి చదివే కూతురు ప్రవల్లికకి నూడుల్స్, అదీ తిట్లు లేకుండా. ఆ తర్వాత బాలుని బడిలో దింపి, స్కూటరు బస్టాపులో పెట్టి, ఫార్మా కంపెనీ బస్సెక్కి, సాయంత్రం దాకా లాబ్‌లో సీసాలు పరీక్ష చేసి, ఇంటికొచ్చి మళ్లీ మొదలు. పడుకున్నాక కూడా అత్తగారు వచ్చి భుజం తట్టి, "అమ్మాయ్, నిద్రపోయేవా?" అని అడిగేది. నిద్రపోతే ఏం చేద్దామనో.

డాక్టరు అన్నీ విని కలం కింద పెట్టేశాడు. "మందు రాయనమ్మా. రోజుకి ఏడెనిమిది గంటలు, ఎవరూ లేపకుండా నిద్రపొండి. లేకపోతే ఈసారి లారీవాడు దిగొచ్చి అడగడు" అన్నాడు. ఆ మాట హిమబిందు గుండెలో పడిపోయింది. వెనక సీటులో బాలు ఉన్నాడు కదా మరి.

శ్యాంప్రసాద్ కూడా చాలా బాధపడ్డాడు. పాపం మంచివాడు. పెళ్లానికి నిద్ర కావాలంటే తను ఓ రెండు గంటలు ముందు లేవొచ్చన్న పిచ్చి ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు. ఫోనులో వెతికి వెతికి, చోడవరం నుంచి చీడికాడ వెళ్లే దారిలో చెరకుతోటల మధ్య కట్టిన 'నిశ్చింత' అనే వెల్‌నెస్ రిట్రీట్‌లో మూడు రోజులకి గది బుక్ చేశాడు. శుక్రవారం పొద్దున్నే కారెక్కిస్తూ, "హాయిగా పడుకో బిందూ" అని, ఆ నోటితోనే, "ఇడ్లీపిండి ఎన్నిరోజులకి రుబ్బేవు?" అని అడిగాడు.

నిశ్చింతలో మేనేజరు ప్రేమ్‌కుమార్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, పక్కగదిలో పసిబిడ్డ పడుకున్నట్టు గుసగుసగా మాట్లాడాడు. ఫోను తీసుకుని గుడ్డసంచిలో వేసి తాళం వేశాడు. తెల్ల పైజామా, తెల్ల చొక్కా ఇచ్చాడు. మట్టిముంతలో చోడి అంబలి, అదే రాగి అంబలి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టించి, "మేడమ్, ఇది మన ప్రాచీన ఆహారం" అని చెప్పాడు.

హిమబిందు ముంతలోకి చూసింది. బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో పుట్టిన పిల్లకి చోడి అంబలి గురించి చెబుతున్నాడు! ఏడో తరగతిలో ఆ అంబలే గిన్నెలో తెచ్చుకుందని చోడవరం బడిలో పిల్లలంతా ముక్కు మూసుకున్నారు. ఆ మూసుకున్న వాళ్లలో ఇద్దరు ఇప్పుడు షుగరు వచ్చి మూడు పూటలా చోళ్లే తింటున్నారట. అది వేరే సంగతి.

అంబలి తాగి మంచం మీద ఒరిగిందో లేదో, గంట కొట్టారు. వట్టికాళ్లతో చెరకుతోట గట్టు మీద మౌనంగా నడవాలట. అలాంటి గట్ల మీదే నాన్న బంగార్రాజుకి చల్దన్నం మోసుకెళ్తూ, పల్లేరు ముళ్లు దిగి ఏడ్చిన రోజులు లెక్కలేనన్ని. అది వైద్యమని ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు, చెబితే అంత ఏడ్చేది కాదు. నడక అయ్యాక మళ్లీ గంట. మట్టిపట్టీ. మళ్లీ గంట. ఊపిరి పీల్చడం నేర్పిస్తారట, ముప్పై తొమ్మిదేళ్లుగా ఏదోలా పీలుస్తున్న మనిషికి. ఆ గంట విన్నప్పుడల్లా హిమబిందుకి ఇంట్లో కుక్కరు విజిలే నయమనిపించింది. అదైనా మూడుసార్లతో ఆగుతుంది.

మధ్యాహ్నం యోగనిద్ర అన్నారు. ఆ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. చాప మీద వెల్లకిలా పడుకుంది. యోగా నేర్పే సారు కుడికాలి బొటనవేలు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మోకాలి దాకా వచ్చేసరికి హిమబిందు గురక పెట్టింది. ఎవరో మెల్లగా భుజం తట్టారు.

"మేడమ్, ఇది నిద్ర కాదు. యోగనిద్ర. మెలకువగా ఉండాలి."

ఇంట్లో లేపే చేతులు ఎనిమిదే. ఇక్కడ లేపడానికి చదువుకున్న చేతులు పెట్టారు.

సాయంత్రం గది తుడవడానికి ఒకామె వచ్చింది. చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయి, హిమబిందు మొహంలోకి చూసి చూసి, "నువ్వు మా బంగార్రాజుబావ కూతురివి కాదేటే?" అంది. అచ్చియ్యమ్మ! ఒకే ఊరి మనిషి, వరసకి పిన్ని.

"బాగున్నావా పిన్నీ?"

"నా సంగతొగ్గేయ్. నీకేటి జబ్బే తల్లీ?"

"జబ్బేం లేదు. రెస్టు కోసం వచ్చేను."

అచ్చియ్యమ్మ ఆ తెల్లబట్టలు చూసింది. పొట్ట మీంచి కడిగినా పోని మట్టి మరక చూసింది. ఉప్పు లేని కూర గిన్నె చూసింది. ఫోను లాక్కున్నారన్న సంగతి ఆమెకి ముందే తెలుసు. పాపం, పిల్లకి చెప్పలేదన్నమాట. పెద్ద జబ్బుల పేర్లు జబ్బుమనిషికి చెప్పరు కదా! కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రెస్టేలే అమ్మా, రెస్టే" అంటూ తుడవకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు శనివారం పొద్దున్న, హిమబిందు పొట్ట మీద మట్టీ, కళ్ల మీద కీరాముక్కలూ పెట్టించుకుని, ఈసారైనా కునుకు పట్టేలా ఉందనుకుంటూ ఉండగా బయట ఆటో చప్పుడైంది. ఊళ్లో పరదేశి నడిపే షేర్ ఆటో. అచ్చియ్యమ్మ మోసిన కబురుకి ఊరివాళ్లు పదకొండుమంది అందులోంచి దిగారు. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు కావాలి? లోపలికి ఎల్లకూడదు."

"ఆస్పత్రికి సూట్టానికొచ్చినోల్లని ఆపుతావేటి, బాబూ? నీ ఇంట్లో ఆడోల్లు లేరేటి?"

ఆ దెబ్బతో అతను పక్కకి తప్పుకున్నాడు. అందరూ చేతుల్లో రొట్టె ప్యాకెట్లు, ఆపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు, కొబ్బరిబోండాలతో మట్టిపట్టీల గదిలోకి వచ్చేశారు. అక్కడ ఇంకో నలుగురు పట్నం ఆడవాళ్లు కూడా మట్టి పూసుకుని వరసగా పడుకుని ఉన్నారు. ఆ వరస చూసేసరికి ఒకామె గోడకి చేరబడిపోయింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఇంతమందికా!"

హిమబిందు కీరాముక్కలు తీసి లేచి కూర్చుంది. "నాకేం లేదు. బాగున్నాను."

"మా ఆడపడుసూ అలాగే అంది తల్లీ. పదమూడో రోజుకి లేదు."

"నిజంగా ఏం లేదు!"

"మరి మొగుడేడే? దింపేసి ఎల్లిపోయేడా? ఎల్లిపోతాడు. మొగోడు ఎన్నాల్లుంటాడు."

ప్రేమ్‌కుమార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "దయచేసి నిశ్శబ్దం! ఇది ఆస్పత్రి కాదండీ."

"ఆస్పత్రి కాపోతే ఆ బురదెందుకు పూసేవు, నాయనా?" అని అడిగింది వెనక నుంచి ఒక గొంతు. జనం పక్కకి జరిగారు. హిమబిందు మేనత్త గున్నమ్మ. డెబ్బయ్యేళ్ల మనిషి. ఏ పలకరింపుకి వెళ్లినా పళ్లూ రొట్టెలూ పట్టుకెళ్లే అలవాటు ఆమెకి లేదు. బంగార్రాజు పోయినప్పుడూ అంతే, ఏడ్చేవాళ్లందరినీ ఏడవనిచ్చి, తను పొయ్యి రాజేసి అందరికీ వండిపెట్టింది.

వచ్చి చాప పక్కన చతికిలబడింది. మట్టి అంటుకుంటుందని చూడకుండా మేనకోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో, నా కల్లలోకి సూసి సెప్పు. ఏటైందే నీకు?"

ఆ అడగడంలో ఏముందో, హిమబిందు ఉన్నదంతా చెప్పేసింది. "నిద్ర లేదత్తా. స్కూటరు మీద నిద్రపోయేను. వెనకాల బాలు ఉన్నాడు."

వచ్చినవాళ్లందరూ, ఇంతేనా అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో చేతిలో హార్లిక్స్ సీసాని కొంగు చాటుకి లాక్కున్నారు కూడా. గున్నమ్మ మాత్రం నవ్వలేదు. "ఎన్నాల్లయింది?" అని అడిగింది.

"బాలు పుట్టినప్పటి నుంచి."

"పద" అంది గున్నమ్మ.

"మేడమ్, ఇంకా మీ బాడీ డీటాక్స్ పూర్తి కాలేదు" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"ఆ మిగిలింది నువ్వు సేయించుకో, బాబూ" అని గున్నమ్మ మేనకోడల్ని మట్టిపొట్టతోనే పరదేశి ఆటోలోకి ఎక్కించింది. గుడ్డసంచి ఫోను అడగాలని హిమబిందుకి తోచలేదు. తోచినట్టే ఉంది గానీ, నోరు తెరవలేదు.

గున్నమ్మ ఇంట్లో వేడినీళ్లు పోసి, ఇంత పెరుగన్నం తినిపించి, లోపలిగదిలో నులకమంచం వాల్చింది. హిమబిందు మంచం మీద చేరగానే వీధిలో మాటలు వినిపించాయి. ఆటోలో వచ్చినవాళ్లు, వాళ్లు చెప్పగా విన్నవాళ్లు, అందరూ ఇక్కడికే వస్తున్నారు. గున్నమ్మ ఒక్కక్షణం ఆలోచించింది. పెరట్లోకి వెళ్లి వేపమండలు నాలుగు విరిచి తెచ్చి, వీధిగుమ్మానికి కట్టేసింది. గడప ముందు పసుపునీళ్లు చల్లింది.

ఆ పక్కల వేపమండ కట్టిన గుమ్మం అంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. లోపల ఎవరికో అమ్మవారు పోసింది. అమ్మవారు దిగి తలకి నీళ్లు పోసేదాకా బయటివాళ్లు గడప తొక్కకూడదు. లోపలివాళ్లని గట్టిగా పిలవకూడదు. వీధిలో మాటలు చటుక్కున ఆగాయి. చెప్పుల చప్పుడు వెనక్కి మళ్లింది.

"అత్తా, అబద్ధం కదా. అమ్మోరితో ఆటలా?"

"ఆవిడతో నాను సెప్పుకుంటాలే. ఆవిడా ఆడదే. నువ్వు తొంగో."

హిమబిందు తొంగుంది. పడుకున్నట్టు కూడా తెలియలేదు, బావిలోకి జారిన చేదలా దిగిపోయింది.

"బిందూ!"

ఎక్కడో పైనుంచి వినిపించిందా పిలుపు. కళ్లు తెరవకుండానే హిమబిందు కాళ్లు మంచం దిగబోయాయి. పదహారేళ్ల అలవాటు, మనిషి కన్నా ముందు కాళ్లే లేస్తాయి. కిటికీలో ఎండ వాలిపోయి ఉంది. బయట శ్యాంప్రసాద్ గొంతు. ప్రేమ్‌కుమార్ ఫోను చేస్తే పిల్లల్ని కారులో వేసుకుని పడుతూ లేస్తూ వచ్చాడు.

"బిందూ, అమ్మ బీపీ మాత్రలెక్కడున్నాయి? పిండి పులిసిపోయింది!"

హిమబిందు ఒక కాలు నేలకి ఆన్చింది.

"ఆడే ఆగు, అల్లుడుబాబూ!" అంది గున్నమ్మ అరుగు మీంచి. "గుమ్మానికేటుందో సూసేవా?"

అప్పుడు రెండడుగులు వెనక్కి వేసిన బూట్ల చప్పుడు. "అమ్మవారా! పిల్లలకి పరీక్షలున్నాయి..." అంటూ వాళ్లమ్మకి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు కాబోలు, అత్తగారి గొంతు వీధంతా పాకింది.

"ఒరే, గడప దాటకు! పిల్లల్ని కారు దింపకు. అమ్మోరు కొలువున్న మనిషిని కదపకూడదురా. మన గుమ్మంలోకి తేవడానికి లేదు. నీల్లు పోసేదాకా అక్కడే ఉండనీ."

"మరి వంటెవరు చేస్తారే?"

"నీకు చేతుల్లేవేటిరా?"

లోపల హిమబిందు కళ్లు తెరిచి దూలాల వైపు చూసింది. పదహారేళ్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న శ్యాంప్రసాద్‌ని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అడిగించడానికి సాక్షాత్తూ అమ్మవారే దిగి రావలసి వచ్చింది. నేల మీద పెట్టిన కాలు మెల్లగా మంచం మీదకి తీసుకుంది.

కారు వెళ్లిపోయింది. వెళ్తూ బాలు "అమ్మా, టాటా!" అని అరిచాడు. వాడి నోరు ఎవరో మూశారు, గట్టిగా పిలవకూడదు కదా. ఆ గొంతు విన్నప్పుడు మాత్రం హిమబిందు తల ఎత్తి కిటికీ వైపు చూసింది. వాడి కోసమేగా ఈ నిద్ర, అనుకుంది.

గున్నమ్మ లోపలికొచ్చి గుమ్మంలో నిలబడి, "మూడో నాడు నీల్లు పోసీనా, అయిదో నాడా? ఎన్నాల్లని సెప్పమంటావే ఊరోల్లకి?" అని అడిగింది.

హిమబిందు అటు తిరిగే పడుకుని ఉంది. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి అయిదు వేళ్లు చూపించింది. ఒక్క నిమిషం ఆగి, రెండో చెయ్యి కూడా బయటికొచ్చి ఇంకో నాలుగు వేళ్లు కలిపింది. ఆ చేతులు అలాగే పైకి ఉండగానే గురక వినిపించింది.

గున్నమ్మ ఆ చేతులు రెండూ దించి దుప్పట్లో పెట్టి, వేపమండలు వాడిపోకుండా నీళ్లు చల్లడానికి వెళ్లింది.