టికెట్టు లేని మావగారు

ఆ మహానగరంలో రైళ్ళు ఇళ్ళ మధ్య నుంచీ, ఇళ్ళ కింద నుంచీ, ఒక్కోచోట ఇళ్ళ నెత్తి మీద నుంచీ కూడా పోతాయని కండక్టరు ముందే విన్నాడు. వాటిలో కండక్టరే ఉండడని మాత్రం ఎవరూ చెప్పలేదు. స్టేషన్లో అడుగు పెట్టగానే ఆ సంగతి తెలిసి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. జనం మందలు మందలుగా వస్తున్నారు, గేటుకు కార్డు ఆనిస్తున్నారు, అది కుయ్యిమంటోంది, రెక్కలు తెరుచుకుంటున్నాయి, పోతున్నారు. ఎక్కడికని అడిగేవాడు లేడు. జరగండి, చిల్లర తియ్యండి అని అరిచేవాడు లేడు. ఛీ, ఇదేం ప్రయాణం! బడ్డీ కొట్లో అగ్గిపెట్టె కొన్నా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ నడుస్తాయి.

ఆయన బస్సు కండక్టరు. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఊళ్ళో అందరూ ఇప్పటికీ కండక్టరనే పిలుస్తారు, ఆయనా అలాగే పలుకుతాడు. టికెట్టు లేకుండా ఆయన బస్సులో మనిషి కాదు గదా, ఈగ కూడా స్టాపు దాటలేదని పేరు. సొంత బావమరిది ఒకసారి "మన బస్సే కదా బావా" అని పళ్ళికిలిస్తే నడిరోడ్డు మీద దింపేసి పోయాడు. దానికి భార్య అలిగి మాట్లాడడం మానేస్తే అదీ భరించాడు గానీ, తప్పు చేశానని మాత్రం అనలేదు. ఆ జాతి మనిషి.

ఇప్పుడు నగరానికి వచ్చింది ఊరు చూడడానికి కాదు, కాబోయే అల్లుణ్ణి చూడడానికి. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. చదువు కోసం కొన్నాళ్ళు ఈ నగరంలో ఉండి, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కుర్రాణ్ణొకణ్ణి ఇష్టపడింది. ఇంటికొచ్చి తండ్రి ముందు కూర్చుని, "ఒక్కసారి వెళ్ళి చూసిరా నాన్నా. మనిషెలాంటివాడో నీకు చూడగానే తెలిసిపోతుంది. నువ్వు సరేనంటేనే చేసుకుంటా. వద్దంటే ఇంక ఆ మాటే ఎత్తను," అంది. అందంటే అన్నట్టే, మాట మీద నిలబడే పిల్ల. అందుకే దారి పొడుగునా కండక్టరుకు కంటి మీద కునుకు లేదు. ఆ పిల్ల బతుకంతా తెచ్చి తన నాలిక చివర పెట్టినట్టయింది.

కుర్రాడు బస్టాండుకు ముందే వచ్చి నిలబడ్డాడు. సంచి అందుకున్నాడు, కాఫీ తాగించాడు. పెళ్ళయ్యాక కాపురం పెట్టబోయే ఇల్లు చూపిస్తానని స్టేషనుకు తీసుకొచ్చాడు. ఇల్లు నగరానికి ఆ చివర ఉందట, రైలైతేనే తొందరగా చేరతారట.

"మరి నా టికెట్టేదీ, బాబూ?" అన్నాడు కండక్టరు. చేతిలో టికెట్టు లేకపోతే ఆయనకు చొక్కా లేనట్టే ఉంటుంది.

"అవన్నీ నేను చూసుకుంటాగా మావయ్యా. మీరు రండి."

గేటు దగ్గర కుర్రాడు తన కార్డు ఆనించాడు. రెక్కలు తెరుచుకోగానే కండక్టరును ముందుకు నడిపి, ఆయన రెండు భుజాల మీదా చేతులేసి, వీపుకు అంటుకుపోయినట్టు వెనకే వచ్చేశాడు. కొత్త ఊళ్ళో పెద్దవాణ్ణి తడబడతానేమోనని పట్టుకున్నాడు కాబోలు అనుకున్నాడు కండక్టరు. కన్న కొడుకులు కూడా ఈ రోజుల్లో ఇలా పట్టుకోరు. ఆయన మనసు కాస్త మెత్తబడింది.

మెత్తబడ్డ మనసు రైలెక్కగానే మళ్ళీ బిగుసుకుంది. అబ్బబ్బ, ఏం కంపు! తడి గొడుగులూ, మొన్నటి చొక్కాలూ, ఎవరి సంచిలోనో మగ్గి మగ్గి కుళ్ళిన పండూ అన్నీ కలిసి ముక్కు మీద ఒక్క గుద్దు గుద్దాయి. పడిపోకుండా కడ్డీ పట్టుకుంటే అది జిడ్డుగా, వెచ్చగా తగిలింది. అంతకు ముందు పట్టుకున్న మహానుభావుడి చెమట ఇంకా ఆరలేదన్నమాట. చెయ్యి తీసేసి ప్యాంటుకు తుడుచుకుంటుంటే రైలు కుదిపింది, వెళ్ళి ఒకాయన చంకలో ముఖం పెట్టాల్సి వచ్చింది. ఆ చంక గురించి చెప్పకపోవడమే మంచిది. పక్కనొకామె ఫోన్లో ఎవరినో కడిగి పారేస్తోంది, తుంపర్లు మాత్రం ఈయన చెవిలో పడుతున్నాయి. ఎదుటి సీట్లో సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి బూటు విప్పి, మేజోడు విప్పి, తీరిగ్గా కాలిగోళ్ళు గిల్లుకుంటున్నాడు! గిల్లిన ముక్కను వెలుతురుకు పెట్టి చూసుకుని వేలితో చిమ్మాడు. అది ఎక్కడ పడిందో చూసే ధైర్యం కండక్టరుకు లేకపోయింది.

ఇంత జరుగుతున్నా ఎవడూ నోరెత్తడే! అందరూ ఫోన్లలో తలలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన బస్సులో ఇలాంటివాడు ఉంటే చెవి పట్టుకుని మెట్ల మీద నుంచి దింపేవాడు. మనుషులు కిక్కిరిసి ఉన్నారు, అడిగే మనిషి మాత్రం ఒక్కడూ లేడు. దీన్ని గొప్పగా నగరమంటారు, మళ్ళీ!

ఆ కంపులో ఒక్క కుర్రాడే కాస్త మనిషిలా కనిపించాడు. ఒక సీటు ఖాళీ కాగానే దూకి అందుకున్నాడు, తన జేబురుమాలుతో తుడిచాడు, "కూర్చోండి మావయ్యా" అన్నాడు. సీసా మూత తీసి మంచినీళ్ళిచ్చాడు. "కొత్తింట్లో గాలొచ్చే గది మీకే. మీరొచ్చినప్పుడు మేం హాల్లో పడుకుంటాం," అన్నాడు. కండక్టరు గుటకలు మింగుతూ ఆ మాటలు విన్నాడు. సంపాదన మాట ఎలా ఉన్నా పిల్లవాడికి పెద్దా చిన్నా తెలుసు, పిల్లను కళ్ళల్లో పెట్టుకుని చూస్తాడు, ఇంతకంటే ఇంకేం కావాలి? దిగగానే ఫోను చేసి సరేనని చెప్పెయ్యాలి. అలా అనుకోగానే రైలు కంపు కూడా కొంచెం తగ్గినట్టనిపించింది.

తర్వాతి స్టేషన్లో టికెట్లు చూసే అమ్మాయి ఎక్కింది. యూనిఫారం, మెళ్ళో బిళ్ళ, చేతిలో చిన్న యంత్రం. కండక్టరు ముఖం ఒక్కసారిగా వెలిగింది. హమ్మయ్య, ఈ పాడు ఊళ్ళోనూ మనవాళ్ళున్నారు! ఆ అమ్మాయి పని తీరు చూసి ముచ్చటపడ్డాడు కూడా. గోళ్ళు గిల్లేవాడి కాలు వంక చూసి ముఖం చిట్లించింది గానీ కార్డు మాత్రం వదలకుండా అడిగింది. శభాష్ అనుకున్నాడు.

కుర్రాడు తన కార్డు అందించాడు. యంత్రం కుయ్యిమంది.

"తాతగారి టికెట్టేదండీ?" అంది ఆ అమ్మాయి.

కండక్టరు నిటారుగా కూర్చుని కుర్రాడి వంక చూశాడు. కుర్రాడు ఒక్క నిట్టూర్పు విడిచాడు. ఎంత బరువైన నిట్టూర్పంటే, చుట్టుపక్కల నలుగురు తలలెత్తారు.

"మా నాన్నగారండీ. మతి పోయింది. టికెట్టు చేతిలో పెడితే చాలు, నలిపి ఎక్కడో పారేస్తారు. పొద్దున్నుంచీ ఇది రెండోసారి," అని వంగి, కండక్టరు చొక్కా పై గుండీ ప్రేమగా పెట్టాడు.

కండక్టరుకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. "కాదమ్మా! అబద్ధం! నేను... నేను కండక్టర్ని!"

కుర్రాడు ఆ అమ్మాయి వంక చూసి విచారంగా నవ్వాడు. "చూశారుగా. ఎప్పుడూ ఇదే పాట."

"నిజంగానే కండక్టర్నమ్మా! టికెట్టు లేకుండా ఎక్కితే నన్ను దింపెయ్. ఫైను రాయి!" కండక్టరు జేబులోంచి చేతికందిన నోట్లన్నీ తీసి చాచాడు.

కుర్రాడు ఆ పిడికిలిని మెల్లగా మూసి, నోట్లను మళ్ళీ ఆయన జేబులోనే కుక్కాడు. "డబ్బు కూడా ఇలాగే దారిన పోయేవాళ్ళకి పంచేస్తుంటారండీ. ఏం చేస్తాం, కన్నవాళ్ళు కదా."

ఆ అమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. కండక్టరు ముందు వంగి, పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "అలాగే తాతగారూ, మీరే కండక్టరు. నేను మీ కిందే పనిచేస్తున్నా, సరేనా? అందరి టికెట్లూ చూసేశా. ఇంక మీరు హాయిగా కూర్చోండి."

పెట్టెలో జనం మెత్తగా నవ్వారు. ఇందాక తుంపర్లు చల్లిన ఆవిడ ఫోను పక్కన పెట్టి మరీ "పాపం" అంది. గోళ్ళవాడు, ఆ గోళ్ళవాడు కూడా, జాలిగా తలాడించాడు! వాడి చెయ్యి వచ్చి కండక్టరు మోకాలి మీద తట్టింది. ఏ చెయ్యి? ఆ చెయ్యే. కండక్టరు ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. నోరు తెరిస్తే పిచ్చి ముదిరిందంటారు, మూస్తే ఒప్పుకున్నట్టు. కుక్కిన పేనులా కూర్చుండిపోయాడు. బస్సులో ఎందరి దొంగ వేషాలో కడిగేసిన మనిషి, ఈరోజు అలాంటి దొంగ వేషంలో తనే వేషమై కూర్చున్నాడు.

రైలు దిగేదాకా కుర్రాడు ఆయన జబ్బ వదల్లేదు. దిగాక ఒక్క విదిలింపు విదిలించి, "నాకు టికెట్టు కొనలేదా నువ్వు?" అన్నాడు కండక్టరు.

"దండగెందుకు మావయ్యా? ఒక్క కార్డు మీద ఇద్దరం వచ్చేశాంగా. గేటు దగ్గర మీ వెనకాలే దూరలేదూ?" కుర్రాడి ముఖం పరీక్ష పాసైనవాడి ముఖంలా ఉంది. "అన్నట్టు మీరు కూడా తక్కువవారు కాదండోయ్! నేను అలా అనగానే టక్కున అందుకుని 'నేను కండక్టర్ని' అన్నారు చూడండీ, నాకు నవ్వాగలేదు. ఆ ఫైను ముక్కైతే అదుర్స్. ఆ పిల్ల ఏడ్చేసింది కూడా."

భుజాల మీద పడ్డ ఆ చేతులు గుర్తొచ్చాయి కండక్టరుకు. అభిమానమనుకున్నాడే! ఛీ, ఛీ. గోళ్ళు గిల్లిన చెయ్యి నయం, అది అభిమానమని చెప్పుకోలేదు. ఎదురుగా మళ్ళీ గేట్లు. కుర్రాడు తన కార్డుతో బయటికి వెళ్ళిపోయి, అవతలి నుంచి చెయ్యి ఊపాడు.

"ఎవరైనా లావుపాటి మనిషి వస్తాడు మావయ్యా. వాడి వెనకాలే వచ్చెయ్యండి."

కండక్టరు కదల్లేదు. ఇవతలి పక్కనే గోడవారగా నిలబడి ఫోను తీశాడు. మొదటి రింగుకే కూతురు ఎత్తింది, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టుంది.

"చూశావా నాన్నా?"

"చూశాను తల్లీ," అని ఆయన జరిగిందంతా చెప్పాడు. గేటు దగ్గర దూరడం, గుండీ పెట్టడం, మతి పోయిందనడం, డబ్బు జేబులో కుక్కడం, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల ఊఁ కొట్టలేదు. చివర్లో ఏదో వెక్కిన చప్పుడైంది. కండక్టరు గుండె కరిగిపోయింది. "ఏడవకమ్మా. వాడు పోతే పోయాడు," అన్నాడు.

అది ఏడుపు కాదు.

"నాన్నా, నువ్వు నిజంగానే నేను కండక్టర్నన్నావా? అమ్మో, నాకు కడుపు నొప్పొస్తోంది నాన్నా!"

"ఎందుకే ఆ నవ్వు?"

"అది నీ కథే కదా! మతిలేని తండ్రని చెప్పి ఒక ముసలాయన్ని వెంటేసుకుని ఒకడు నీ బస్సెక్కేవాడు, టికెట్టడిగితే ఆ ముసలాయన నేనే డ్రైవర్ననేవాడు... మర్చిపోయావా? రాత్రి అన్నాల దగ్గర నువ్వు ఆ ముసలాయనలా మూతి పెట్టి చేసి చూపించేవాడివి. వాణ్ణి పట్టుకుని దింపేశానని చెప్పి, చివర్లో 'దొంగవెధవ, ఏం బుర్రరా వాడిది!' అనేవాడివి. అమ్మ కంచం వదిలేసి నవ్వేది. నీ కథలన్నీ నేనే అతనికి చెప్పా. అక్కడున్నప్పుడు మేమిద్దరం అలాగే తిరిగేవాళ్ళం. నేను కడుపుకి సంచి కట్టుకుని నిండు నెలలని కూర్చుంటే టికెట్టు మాట దేవుడెరుగు, లేచి సీటిచ్చేవాళ్ళు! నీ దగ్గరే వేశాడా ఆ ఎత్తు? ఎంత గడుసువాడో చూడు!"

కండక్టరు గోడకు ఆనుకున్నాడు. అవును, చెప్పాడు. ఒకసారి కాదు, పిల్ల "ఇంకోటి నాన్నా" అన్నప్పుడల్లా చెప్పాడు. దింపేసిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, వేషం మాత్రం గంటసేపు కట్టేవాడు. నోట్లో ఏదో పులిసినట్టు, పాచినట్టు అనిపించింది. ఉమ్మేద్దామంటే అది నోట్లో ఉన్నది కాదు.

కూతురి గొంతులో నవ్వు తగ్గింది. ఉన్నట్టుండి భయం వచ్చింది. "నాన్నా, నవ్వానని కోపమా? నీకు నచ్చలేదా? మాటిచ్చాను నాన్నా. నువ్వు వద్దంటే వద్దు. నిజంగా."

నిజంగానే అంటోంది. ఒక్క మాట చాలు, మానేస్తుంది. రైల్లో నుంచీ ఆ "వద్దు" ఆయన నాలిక మీదే ఉంది. గేటు అవతల కుర్రాడు సంచి భుజాన వేసుకుని, లావుపాటి మనిషి కోసం అటూ ఇటూ వెతుకుతున్నాడు, పాపం, మావగారి కోసమే. సరే, వీణ్ణి వద్దంటాడు. అప్పుడింకో సంబంధం చూడాలి. నీతీ నిజాయితీ ఉన్నవాణ్ణి, ఏ రోజూ టికెట్టు లేకుండా బండెక్కని వాణ్ణి వెతికి తెచ్చి ఈ పిల్లను కట్టబెట్టాలి. వాడేం పాపం చేశాడు?

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నాను," అన్నాడు కండక్టరు. "నీకు తగినవాడేనమ్మా."

అవతల ఒక్క కేక. "అమ్మా! నాన్న ఒప్పుకున్నాడే! నాన్నకి తెగ నచ్చేశాడంటే!" తలుపులు కొట్టుకున్న చప్పుడు, పరుగెత్తిన చప్పుడు, భార్య నవ్వు. ఆ సంతోషంలో ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయింది పిల్ల. కాసేపు విని, ఆయనే పెట్టేశాడు.