లేవనంటే లేవను

రోజూ పొద్దున ఏడున్నరకి బడి సంచీ పక్కన పెట్టి ఆ అమ్మాయి నాన్న కొట్లోని పెద్ద కాటా ఎక్కేది. కొట్టంటే ఇంటి ముందుగదే. నాన్న కాటాలూ తూకపు రాళ్లూ బాగుచేసే మనిషి. ముల్లు ఆగేదాకా ఓపిగ్గా చూసి, "నలభై ఎనిమిది. వెళ్లిరామ్మా," అనేవాడు. పరీక్ష రోజైతే, "నూట ముప్పై. మెట్ల మీద జాగ్రత్త," అనేవాడు.

పదమూడో ఏట మొదలైంది. భయం వేస్తే పిల్ల బరువెక్కేది. ఒళ్లు రాదు, బుగ్గ రాదు, బరువొక్కటే వస్తుంది. బస్సు డ్రైవరు "ఇవాళ ఎంతమ్మా?" అని అడిగి, వంద దాటితే వెనక చక్రాల మీది సీట్లో కూర్చోబెట్టేవాడు. బడివాళ్లు ఆమె తరగతిని కింది అంతస్తుకి మార్చారు. ఇందులో వింతపడాల్సిందేమీ ఎవరికీ కనబడలేదు.

కానీ పదహారు వచ్చేసరికి మంచి రోజున కూడా తొంభైకి తగ్గడం మానేసింది. మంచం మీంచి లేవడానికే గంట పట్టేది. స్నేహితురాలి పుట్టినరోజుకని బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్లి, కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చింది. ఏడాదిగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. ఆవిడ మాటలకి పదో ఇరవయ్యో కిలోలు దిగేవి, వారం తిరక్కుండానే మళ్లీ ఎక్కి కూర్చునేవి. చివరికి ఆవిడే డాక్టరు దగ్గరికి పంపింది. కౌన్సెలింగ్ ఆపకుండానే రోజుకో యాంటీ డిప్రెసెంట్ మాత్ర, తక్కువ మోతాదులో మొదలుపెడదామంది డాక్టరు. అందుకు అమ్మా నాన్నా ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి.

అమ్మ ఆ రోజే పెట్టేసింది. ఆవిడ బస్సు డిపోలో ఎంక్వైరీ కిటికీ వెనక పనిచేస్తుంది, బస్సు వస్తుందా రాదా అని అడిగితే నసగడం ఆవిడకి తెలియదు. నాన్న మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది అలవాటైపోతే? ఆ తర్వాత నవ్వేది మన పిల్లా, మందా?" అన్నాడు.

"ఇప్పుడు నవ్వుతోందా?" అంది అమ్మ.

ఆయన భయం ఆయనది, దాన్ని ఎగతాళి చేయలేం. దానికి తోడు అగ్గి రాజెయ్యడానికి ఆయన అక్క ఉండనే ఉంది. రోజూ ఫోను చేసి, "పిచ్చిమందులు మింగించావని నలుగురికీ తెలిస్తే రేపు పిల్ల గతేంట్రా?" అనేది. ఆ నలుగురూ ఎవరో నాకిప్పటికీ తెలియదు. పిల్ల మంచం మీంచి లేవలేనప్పుడు వాళ్లలో ఒక్కరూ చెయ్యందించిన పాపాన పోలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం కాటా యాభై రెండు చూపించింది. మంగళవారం యాభై.

"చూశావా, మందూ మాకూ లేకుండానే దిగుతోంది," అని నాన్న సంబరపడ్డాడు. పిల్ల నమ్మింది. బుధవారం అందరితో పాటు పై అంతస్తులోని ల్యాబుకి ధైర్యంగా బయల్దేరింది. పాత చెక్క మెట్లు, ఆరోది విరిగింది. ముప్పై మంది చూస్తుండగా కిందపడింది.

చెక్కుకుపోయిన మోకాళ్లతో ఇంటికొచ్చి, కాటా వెనక మూత తనే విప్పింది. కొట్లో పెరిగిన పిల్ల, ఎక్కడ చూడాలో తెలుసు. ముల్లు సరిచేసే మర మీద కొత్తగా తిప్పిన గీతలు మెరుస్తున్నాయి. పాతికేళ్లలో ఏ వ్యాపారి బతిమాలినా ముల్లు జరపని మనిషి, కూతురి కోసం ఏకంగా అరవై కిలోలు వెనక్కి తిప్పాడు.

"నీకు ధైర్యం వస్తుందనుకున్నానమ్మా," అన్నాడు నాన్న, తలెత్తకుండా.

"కాటాని మార్చావు నాన్నా. నేను అలాగే ఉన్నాను."

పిల్లకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ ఏడాది ఆ ఇంట్లో జరిగిన మంచి అదొక్కటే అంటాను నేను.

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఏదీ దాచలేదు. గుణం కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, నిద్ర చెడొచ్చు. మనసు మరీ కుంగినా, బతకాలని లేదనిపించినా ఆ క్షణమే చెప్పాలి. మీ అంతట మీరు ఆపకూడదు. వారం వారం చూస్తాను, అని చెప్పింది.

'బతకాలని లేదనిపించినా' అన్న మాట వినగానే నాన్న లేచాడు. "ఇంటికెళ్లి ఆలోచిద్దాం. పదమ్మా."

"లేవను," అంది అమ్మాయి.

చెయ్యి పట్టుకుని లాగాడు. ఇనప కాటాలని ఒంటిచేత్తో జరిపే ఆయన, ఆమె చిటికెన వేలు కూడా కదపలేకపోయాడు. ఆమెకి భయం పెరిగేకొద్దీ కుర్చీ కాళ్ల కింద నేల పలకలు చిట్లాయి. మూడేళ్లుగా ముందుకి పోనివ్వని బరువు ఇప్పుడు వెనక్కి పోనివ్వనంటోంది. చప్పుడు విని నర్సు తొంగిచూసి, "పాత పలకలేలెండి," అని తలుపు దగ్గరికేసి వెళ్లింది.

"లేవనంటే లేవను నాన్నా. నువ్వు ప్రతి తూకపు రాయి అడుగునా గుంటలో ఇంత సీసం పోస్తావు కదా, తూకం సరిపోవాలని. సీసం పోస్తే అది రాయి కాకుండా పోతుందా?"

నాన్న ఆమె చెయ్యి వదిలి కూర్చున్నాడు.

"పోదు," అన్నాడు. "సీసం పోశాకే దానికి సర్కారు ముద్ర వేస్తారు."

"మరి నన్నెందుకు ఒట్టిగా నెగ్గుకురమ్మంటావు?"

జేబులోంచి కాగితం తీశాడు. దాని నాలుగు మడతలూ అమ్మ విప్పి పెట్టింది. సంతకం చేశాడు. "తప్పు చేశానమ్మా," అన్నాడు.

అమ్మ పక్క మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చేసరికి నాన్న ఫోను మోగింది. అక్క. నాన్న "ఏం లేదక్కా, పిల్ల కాస్త నీరసంగా ఉందని టానిక్కు..." అని మొదలుపెట్టాడు. అమ్మాయి చెయ్యి చాచింది. ఆయన ఆమె మొహంలోకి చూసి ఫోనిచ్చేశాడు.

"అత్తా, నేను. టానిక్కు కాదు. నా భయానికి మందు మొదలుపెడుతున్నాను." రెండో చేత్తో అమ్మ దగ్గర్నుంచి మాత్రలు అందుకుంది. "దీన్లో దాచేదేం లేదు. ఎవరడిగినా ఈ మాటే చెప్పు."

అవతల ఏమన్నారో వినిపించుకోలేదు. ఫోను నాన్న చేతిలో పెట్టి, మంచినీళ్లు అడిగింది.