ఆరింటి గీత

సరిగ్గా ఆరింటికి బద్యా అడ్డంగా ఉన్న రాయిని కాలితో జరిపి, రేకు తలుపును గోడకు తగిలేలా ఒక్క తోపు తోశాడు. ఇక రోజంతా చప్పుడు చెయ్యకూడదు. నవ్వకండి, అతని ఉద్యోగమే అది.

దమ్మపేట దాటాక అడవిలో, అతను కాపలా కాసే మిషను గది చుట్టూ నేలమీద రబ్బరు గొట్టాలు పరిచి ఉన్నాయి. మనిషి చెవికి అందని చప్పుళ్లు వాటికి అందుతాయి. అండమాన్ దగ్గర అగ్నిపర్వతం పేలినా, బంగాళాఖాతంలో తుఫాను లేచినా హైదరాబాదు ఆఫీసులో తెరమీది గీత వణుకుతుంది. బద్యా తలుపు తీసినా వణుకుతుంది. 2004లో, అతను చేరిన కొత్తలో, ఆ ఆఫీసు ఇంజనీరు నిర్మలాదేవి ఫోన్లో కసిరింది. "మెల్లగా తియ్యండి. మీ తలుపు అగ్నిపర్వతమంత పడుతోంది."

నెల రోజులు మెల్లగానే తీశాడు. అప్పటికే భార్య పోయింది, తండాలో ఇల్లు కూలింది. ఉన్నాడో పోయాడో అడిగే దిక్కు లేదు. ఆ నెల మరీ భయం వేసింది. సిగ్గు విడిచి అడిగాడు. "పొద్దుగాల ఒక్కసారి గట్టిగ తీస్త మేడం. నేనున్ననని మీకు ఎరుకైతది."

ఆమె ఒప్పుకుంది. "ఆరింటికి ఒక్కటే. దాన్ని రికార్డులోంచి నేనే తీసేస్తాను," అంది. నాలుగేళ్లుగా తీసేస్తూనే ఉంది. తీసెయ్యాలంటే ముందు చూడాలి కదా, బద్యాకు అది చాలు.

ఈరోజు అడవిపంది ఒక గొట్టం కొరికింది. బద్యా మోకాళ్లమీద కూర్చుని గడ్డి కోసి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. గోళ్లనిండా మన్ను. బిగిస్తుంటే ఎడమ భుజం గుంజింది. పదకొండింటికి ఫోను మోగింది.

"మీ గీత ఇవాళ చిన్నగా పడింది. ఒంట్లో బాగాలేదా?" అంది నిర్మలాదేవి.

భార్య పోయాక ఆ మాట బద్యాను ఎవరూ అడగలేదు. "కొద్దిగ ఆయాసం మేడం."

"పాల్వంచ దవాఖానాకు వెళ్లండి. ఇవాళే."

"గొట్టాలు ఇంక చూసేటియి ఉన్నయి. రేపు పొద్దుగాల తలుపు తీసి పోత. అవ్ మేడం, గట్టిగనే తీస్త."

సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాడు. ఎండ దిగాక తలుపు దగ్గరికి వేసి, ఇప్పచెట్టు కింద నులకమంచం మీద ఒరిగాడు. మళ్లీ లేవలేదు.

మర్నాడు నిర్మలాదేవి ఐదున్నరకే ఆఫీసుకు వచ్చి కూర్చుంది. ఆరింటికి గీత తిన్నగా పోయింది. ఆరుంబావుకూ అంతే. అంత శుభ్రమైన రికార్డు అక్కణ్ణించి ఎన్నడూ రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. దమ్మపేట నుంచి మనుషుల్ని పంపింది.

వాళ్లు వెళ్లేసరికి మంచం మీదా అతని మీదా ఇప్పపూలు రాలి ఉన్నాయి. తలుపు గాలికి కొట్టుకోకుండా అతను అడ్డం పెట్టిన రాయి, పెట్టిన చోటే ఉంది.